ఖొమేనీ కొడుకు కాదు ఖమేనీ

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం అనుబంధంలో ఇరాన్ వాళ్ల ఇంటిపేర్ల మీద మీరు వేసిన బాక్సు ఐటమ్ చదివి ఇవాళ్టికి ఆరు రోజులైంది. ఎవరో ఒకరు ఫోన్ చేసి చెబుతారు, మర్నాడో మూడో నాడో ఓ మూల చిన్న సవరణైనా వేస్తారు అని ఎదురుచూశాను. వేయలేదు. పైగా గురువారం సంపాదక పేజీలో అదే తప్పు మళ్లీ వచ్చింది. ఇక నాకు తప్పలేదు.

'ఖొమేనీ మరణానంతరం ఆయన కుమారుడు ఖమేనీ పగ్గాలు చేపట్టారు' అని రాశారు. 'ఖొమేనీ అనే ఇంటిపేరుకు పవిత్రుడు అని అర్థం' అని దానికో కొసమెరుపు. ఆ అర్థం ఏ నిఘంటువులో దొరికిందో చెబితే నేనూ ఓ కాపీ కొనుక్కుంటాను. ఆ కాస్త బాక్సులోనే పేరు నాలుగుసార్లు వస్తే ఖొమేనీ, ఖమేనీ, ఖమైనీ అని మూడు రకాలుగా ఉంది. పాఠకుడు తనకు నచ్చింది ఏరుకోవాలి కాబోలు.

అయ్యా, 1979 విప్లవం తర్వాత ఇరాన్ సర్వోన్నత నేత అయిన ఖొమేనీ, 1989లో ఆయన తర్వాత ఆ పదవిలోకి వచ్చిన అలీ ఖమేనీ తండ్రీకొడుకులు కారు. అసలు చుట్టాలే కారు. ఖొమేన్ ఊరి మనిషి ఖొమేనీ, ఖామెనె ఊరి మనిషి ఖమేనీ. హైదరాబాద్ వాణ్ని హైదరాబాదీ అన్నట్టే, అంతకు మించి అందులో పవిత్రతా లేదు, పాడూ లేదు. ఖొమేన్ ఇరాన్ మధ్యన మర్కజీ రాష్ట్రంలో ఉంది. ఖామెనె ఎక్కడో వాయవ్యాన తబ్రీజ్ దగ్గర, టర్కీ వాళ్ల భాషకు దగ్గరి భాష మాట్లాడే చోట ఉంది. నేను ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైళ్లలో టపా చేరవేసే తపాలా విభాగంలో, ముప్పై నాలుగేళ్లు సార్టింగ్ చేశాను. రాత్రి బండిలో ఊగుతూ నిలబడి, ఒక్కో కవరూ చూసి గూళ్లలో వేసేవాళ్లం. కొత్తపల్లి కవరు కొత్తపేట గూట్లో పడితే దాని మీద 'మిస్‌సెంట్' అని ముద్ర పడేది, మర్నాడు మాకు అక్షింతలు పడేవి. మీ దగ్గర దేశాధినేతలంతటి వాళ్లిద్దరు ఒకే గూట్లో పడ్డారు, అడిగేవాడు లేడు.

ఇరాన్‌లో ఇంటిపేర్లు పట్టుమని నూరేళ్ల నాటివి. అంతకుముందు ఫలానా వాడి కొడుకు, ఫలానా ఊరివాడు, లేకపోతే రాజుగారిచ్చిన బిరుదు. 1925లో బిరుదులు రద్దు చేసి, ప్రతివాడూ ఓ ఇంటిపేరు రాయించుకోవాల్సిందే అన్నారు. 'ముసద్దిక్ ఉస్‌సల్తనే' అనే పొడుగాటి బిరుదు ఉన్న పెద్దమనిషి దాన్ని కత్తిరించుకుని మొహమ్మద్ మొసద్దెగ్ అయ్యాడు. తర్వాత చమురు జాతీయం చేయాలన్న ఉద్యమం నడిపి, ప్రధానమంత్రి అయి దాన్ని అమలు చేసింది ఆయనే. ఆ ఇంటిపేర్ల హడావుడిలోనే అప్పటి ప్రధాని రెజా ఖాన్ 'పహ్లవీ' తీసుకుని అదే ఏడాది చివర్లో షా, అంటే రాజు, అయ్యాడు. అప్పటికే ఆ పేరు పెట్టుకున్న మహమూద్ పహ్లవీ అనే ఆయన దాన్ని వదులుకోవాల్సి వచ్చింది. వదులుకుని తన పేరునే ఇంటిపేరు చేసుకుని మహమూద్ మహమూద్ అయ్యాడు. చరిత్రకారుడిగా అలాగే నిలిచిపోయాడు. నాకైతే ఆయన మీద షా కంటే గౌరవం ఎక్కువ.

ఎవరికి తోచింది వాళ్లు రాయించుకోవడంతో ఒకే ఇంట్లో ముగ్గురికి మూడు ఇంటిపేర్లు వచ్చాయి. మీరు రాసిన ఖొమేనీ గారి సంగతే చూడండి. ఒక అన్న మొర్తెజా పసందీదే. ఇంకో అన్న నూరుద్దీన్ హిందీ. ఖొమేనీకి గుర్తింపు కార్డులో ఉన్నది తండ్రి ముస్తఫా పేరు మీద వచ్చిన ముస్తఫవీ. మరి ఆ 'హిందీ' ఎక్కడిది అంటారా? తాతగారు మన దేశం వాడు. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ దగ్గర కింతూర్ అనే ఊరు. 1830 ప్రాంతంలో ఇరాక్ వెళ్లి, అక్కణ్నుంచి ఖొమేన్ చేరి స్థిరపడ్డాడు. ఇంత ముచ్చటైన సంగతి పక్కనే పెట్టుకుని మీవాళ్లు 'పవిత్రుడు' అంటూ కూర్చున్నారు.

ఈ 'హిందీ' మాటతోనే ఒక పత్రిక దేశాన్ని అంటించిందని మీకు తెలిసే ఉండాలి, మీరూ పత్రికవాళ్లే కదా. 1978 జనవరి 7న టెహ్రాన్‌లో 'ఎత్తెలాత్' పత్రిక మారుపేరుతో ఓ వ్యాసం వేసింది. ఖొమేనీని పరాయి మూలాలున్నవాడు, 'సయ్యద్ హిందీ' అంటూ ఎద్దేవా చేసింది. రెండు రోజులకు కోమ్ నగరంలో జనం వీధిలోకి వచ్చారు, కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఏడాది తిరిగేసరికి అప్పటి షా, ఆ రెజా ఖాన్ కొడుకు, దేశం విడిచాడు. మీ బాక్సు ఐటమ్‌కు అంత కాకపోయినా, ఒక సవరణ పాటి విలువైనా ఉండకూడదా?

ఇక ఖమేనీ గారు ఆ ఖామెనెలో పుట్టనే లేదు, 1939లో మష్హద్‌లో పుట్టారు. ఊరు పూర్వీకులది. నిజంగా ఖామెనెలో పుట్టిన మనిషి వేరే ఉన్నాడు, మీర్ హుసేన్ మూసవీ. 2009 ఎన్నికల్లో ఓడిపోయానని ఒప్పుకోక గొడవ పెట్టి, తర్వాత గృహనిర్బంధంలో పడ్డాయన. ఊరి పేరు ఒకరికి, పుట్టుక ఒకరికి. మూసవీ అంటే షియాల ఏడో ఇమామ్ మూసా సంతతి అని. ఇలాంటివి, హుస్సేనీ, మొహమ్మదీ లాంటివి అక్కడ మన రెడ్డి, రావు అంత విరివి (అవి ఇంటిపేర్లు కావనుకోండి, ఆ గొడవ మళ్లీ వేరు). 2024లో ఇరాన్ అధ్యక్షుడైన పెజెష్కియాన్ ఇంటిపేరులో 'పెజెష్క్' అంటే వైద్యుడు. ఆయన నిజంగానే గుండె ఆపరేషన్లు చేసే డాక్టరు. రాసేవాళ్లకు ఇంతకంటే మంచి ముక్క దొరుకుతుందా? అది రాయలేదు. ఆడవాళ్లు పెళ్లయినా పుట్టింటి పేరే ఉంచుకుంటారని కూడా రాయలేదు. 2023 నోబెల్ శాంతి బహుమతి వచ్చిన నర్గెస్ మొహమ్మదీ భర్త ఇంటిపేరు రహ్మానీ.

పర్షియన్ మనకు కొత్త భాష అని సర్దిచెప్పకండి. మీ జిల్లా పేజీలో రోజూ వచ్చే ఖాతాదారు, చందాదారు, తహసీల్దారు, వీళ్లందరి వెనకా ఉన్న 'దారు' పర్షియనే. నిజాం సర్కారు కాగితాలు మొన్నమొన్నటి దాకా, అంటే పందొమ్మిదో శతాబ్దం చివరి దాకా, ఆ భాషలోనే నడిచాయి. హైదరాబాద్‌కు రూపురేఖలు దిద్దిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ పేరు చివర ఉన్నది కూడా ఊరి పేరే. ఆ అస్త్రాబాద్‌ను ఇప్పుడు గోర్గాన్ అంటున్నారు. వాళ్లు ఊరి పేరు చివర పెట్టుకుంటారు, మనం ముందు పెట్టుకుంటాం, తేడా అంతే.

ఆ ముందు, చివర అన్నదే మా ఇంట్లో కొంప ముంచింది. మా ఇంటిపేరూ ఊరి పేరే. మా దగ్గరి సేవా కేంద్రంలో కుర్రాడు ఫోన్ చూసుకుంటూ టైపు కొట్టి, మా అబ్బాయి ఇంటిపేరును అసలు పేరు గడిలోనూ, అసలు పేరును ఇంటిపేరు గడిలోనూ పడేశాడు. సరిచేయించడానికి మూడు ఆఫీసులు తిరిగాను. ఒకాయన 'ఏదైతే ఏముందండీ, రెండూ మీవే కదా' అన్నాడు. ఇప్పుడు అమెరికాలో మావాణ్ని ఆఫీసంతా ఊరి పేరు పెట్టి పిలుస్తున్నారు. మా ఊళ్లో బస్సుస్టాండు కూడా లేదు, అక్కడ మాత్రం మీటింగుల్లో రోజూ వినపడుతోంది. 'ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు' అని మా అమ్మ అనేది. ఇప్పుడు ఆ ఇంటిపేరైనా సరిగ్గా రాసే నాథుడు లేడు.

మీ పత్రికకు నేను నలభై ఏళ్లుగా చందాదారుణ్ని. పూర్వం ప్రూఫులు దిద్దేవాళ్లు ఉండేవారు, విదేశీ పేరు వస్తే ఒకే తీరున రాసేవారు. ఇప్పుడు ఫోన్‌లో తిప్పి వచ్చిందల్లా అచ్చేస్తున్నట్టుంది. ఈ ఆదివారం సవరణ వేయండి, అదే పేజీలో, అదే సైజులో. ఎనిమిదో పేజీలో టెండరు ప్రకటనల కింద వద్దు.

ఈ ఉత్తరం వేస్తే నా పేరు వేయనక్కర్లేదు. నిరుడు మా వార్డులో డ్రైనేజీ మీద రాసినప్పుడు వేశారు, ఇంటిపేరులో 'ళ' తీసి 'ల' పెట్టారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సార్టింగ్ అసిస్టెంట్,
తెనాలి