మన సీతాకోకచిలుకల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది నడకలన్నిటిలోకీ మనసులో నిలిచిపోయింది పాఖాల నడక. అటవీశాఖ అనుమతి తీసుకుని, నర్సంపేటలో చాయ్ తాగి, ఎండ ఎక్కే వేళకు వాగు చేరాం. నీళ్లు తగ్గిన చోట తడి ఇసుక మీద కామన్ ఎమిగ్రంట్ సీతాకోకచిలుకలు రెక్కలు మూసుకుని గుంపుగా వాలి ఉన్నాయి, లేత పసుపు చామంతి రేకులు నిలబెట్టినట్టు. మనవాళ్లలో ఒకరు ఆత్రంకొద్దీ కెమెరాతో నాలుగడుగులు ముందుకేశారు. గుంపంతా లేచిపోయింది.

అక్కడే కదలకుండా కూర్చున్నాం. చాలాసేపటికి ఒకటి వాలింది. దాన్ని చూసి మరొకటి, తర్వాత పదీ పదిహేను. ఈసారి బోర్లా పడుకుని, మన నీడ వాటి మీద పడకుండా పక్క నుంచి ఫొటోలు తీశాం. తొండం ఇసుక రేణువుల మధ్యకు దూర్చి అదేపనిగా పీలుస్తున్నాయి.

పూలతేనెలో చక్కెర ఉంటుంది గానీ ఉప్పు చాలా తక్కువ. అందుకే ఈ తడి కోసం వస్తాయి. వచ్చేవి ఎక్కువగా మగవే. జతకట్టినప్పుడు ఆ ఉప్పులో కొంత ఆడదానికి చేరుతుంది, అక్కడి నుంచి గుడ్లకు. ఇది తెలిశాక ఆ గుంపును చెదరగొట్టాలంటే ఎవరికైనా చేతులెలా వస్తాయి?

ఒక చెలక గట్టున ఎండిన జనుము మీద బ్లూ టైగర్లు మూగడం ఇంకో వింత. పూలు లేవు, అయినా కొమ్మలను వదల్లేదు. ఆడవాటిని ఆకర్షించే వాసన తయారుచేసుకోవడానికి మగవాటికి ఆ మొక్కలోని రసాయనాలు కావాలి.

ఉప్పునీళ్లు చల్లి రప్పిద్దామని కొందరు సభ్యులు అడిగారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. ఫొటో రాకపోతే ఇంకోసారి వెళ్దాం, అడవిలో మన చేత్తో ఏమీ వేయొద్దు. రెక్కలు పట్టుకోవడం కూడా వద్దు, పొలుసులు రాలిపోతాయి.

ఏటూరునాగారం నడక వానల వల్ల ఆగింది. బడిపిల్లలతో చేసిన నడక బాగా జరిగింది. జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తాం.

ఇంటి ముందు జాగా ఉన్నవాళ్లు ఒక కరివేపాకు, ఒక నిమ్మ పెట్టండి. కామన్ మార్మన్లు వాటి మీద గుడ్లు పెడతాయి, గొంగళిపురుగులు ఆకులు కొరికాయని మందు కొట్టకండి. తాడ్వాయి నడకకు వచ్చేవాళ్లు దసరాలోపు కార్యదర్శికి పేర్లివ్వండి. బైనాక్యులర్లు లేనివాళ్లు ముందే చెబితే సంఘం దగ్గరున్నవి తెస్తాం.