లెక్కలంటే వణికే పిల్లల పేర్లు గోడమీద అంటించకండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

పదో తరగతి వంద రోజుల ప్రణాళిక పేరుతో మా అమ్మాయి చదివే ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం రోజువారీ పరీక్షల మార్కులను పేర్లతో సహా నోటీసు బోర్డుమీద అంటిస్తున్నారనీ, అదే జాబితాను తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారనీ, 35 దాటని పిల్లలను వేరే బ్యాచ్‌గా విడదీసి వరండాలో కూర్చోబెడుతున్నారనీ సంబంధిత అధికారులకు పలుమార్లు రాతపూర్వకంగా విన్నవించుకున్నాను. సోమవారం అర్జీల రోజున ఇచ్చిన వినతిపత్రానికి, ఒక్కరైనా బడికి వచ్చి చూడకుండానే, అర్జీ పరిష్కారమైందని నా ఫోనుకు సందేశం వచ్చింది. ఆ రోజు కూడా జాబితా గోడమీదే ఉంది. అందుకే మీకు ఇలా అందరి ఎదుటా రాయవలసి వస్తోంది.

మా అమ్మాయికి లెక్కలు రావని నేను ఒప్పుకోలేను. నేను పోర్టు దగ్గర ఒక చిన్న కార్యాలయంలో జమాఖర్చులు రాసే ఉద్యోగిని. సాయంత్రం ఇంటికి వచ్చాక మేమిద్దరం కలిసి పుస్తకం ముందు కూర్చుంటాం. త్రికోణమితి అనువర్తనాల పాఠంలో 75 మీటర్ల లైట్‌హౌస్ పైనుంచి రెండు ఓడలను 30, 45 డిగ్రీల నిమ్నకోణాలలో చూసినప్పుడు ఆ ఓడల మధ్య దూరం ఎంత అన్న లెక్క మీకు గుర్తుండే ఉంటుంది. మా ఊరి డాల్ఫిన్స్ నోస్ కొండమీది లైట్‌హౌస్‌ను చిన్నప్పటినుంచి చూస్తూ పెరిగిన పిల్ల కాబట్టి కాబోలు, ఆ బొమ్మను తనే గీసుకుని, నా సాయం లేకుండా జవాబు తెచ్చింది. మరుసటి రోజు అదే లెక్క పరీక్షలో వస్తే కాగితం ఖాళీగా ఇచ్చింది. అడిగితే, ‘ప్రశ్న చదువుతుంటేనే రేపు బోర్డుమీద నా పేరు ఎక్కడ ఉంటుందో కనబడిందమ్మా, ఇంకేమీ కనబడలేదు’ అంది. పరీక్ష ఉన్న ఉదయాలు కడుపునొప్పి అంటుంది, అన్నం ముట్టదు. మొదట్లో బడి ఎగ్గొట్టడానికి సాకు అనుకున్న వాళ్ళ నాన్నగారు కూడా, చల్లబడిన ఆ చేతులు పట్టుకుని చూశాక ఆ మాట మళ్ళీ అనలేదు.

దీనికి మించి నన్ను బాధపెడుతున్న విషయం ఇంకొకటి ఉంది. ఆ వేరే బ్యాచ్ పిల్లలకు త్రికోణమితి అసలు చెప్పడమే మానేశారు. ‘ఈ చాప్టర్ మీకు అక్కర్లేదు, వదిలేయండి, పాసు మార్కులకు ఇవి చాలు’ అంటూ గ్రాఫులు, కొన్ని రెండు మార్కుల ప్రశ్నలు ఉన్న జెరాక్సు కాగితాలు చేతికిచ్చి బట్టీ పట్టమంటున్నారు. ఇంట్లో తానుగా సాధించిన లెక్క బడిలో తనకు అక్కర్లేదని విన్న పిల్ల ఏమనుకోవాలి? తనకు వచ్చినదంతా పొరపాటున వచ్చిందే అనుకోదా? మా అమ్మాయి అలాగే అనుకుంటోంది. ఆ లైట్‌హౌస్ లెక్కను మళ్ళీ చేయమంటే, మొన్న ఏదో అదృష్టంకొద్దీ వచ్చిందంటూ పుస్తకం మూసేసింది. ఉపాధ్యాయులమీద నాకు కోపం లేదు. ఉత్తీర్ణత శాతం తగ్గితే సంజాయిషీ చెప్పుకోవలసింది వారే కనుక, ఆ ఒత్తిడి వారి మీదుగా పిల్లలమీదికి దిగుతోందని నాకు అర్థమవుతూనే ఉంది.

ఈ భయం మా ఇంట్లో పుట్టిన వింత రోగం కాదు. గణితమంటే భయం, ఓడిపోతామన్న భావన ఎక్కువమంది పిల్లలలో ఉన్నాయని పాఠ్యపుస్తకాలు తయారుచేసే జాతీయ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ నియమించిన గణిత బోధన నిపుణుల బృందం 2006లో ప్రచురించిన పత్రంలో మొట్టమొదటి సమస్యగా రాసింది. లెక్క చేసేటప్పుడు అంకెలను, మధ్యలో వచ్చిన ఫలితాలను కాసేపు పట్టి ఉంచుకునే తాత్కాలిక జ్ఞాపకశక్తిని ఆందోళన ఆక్రమించుకుంటుందనీ, అందువల్లనే వచ్చిన లెక్క కూడా ఆ క్షణంలో రాకుండా పోతుందనీ అమెరికాలో ఆష్‌క్రాఫ్ట్, కిర్క్ అనే పరిశోధకులు 2001లోనే చూపించారు. మెచ్చుకోలు కూడా ఎలా పడితే అలా పనిచేయదు. 1998లో ముల్లర్, డ్వెక్ చేసిన ప్రయోగాలలో, తెలివైనవాళ్ళని పొగిడించుకున్న అయిదో తరగతి పిల్లలు కష్టమైన ప్రశ్నలలో తప్పాక నీరుగారిపోతే, బాగా కృషి చేశారని మెప్పు పొందినవారు పట్టు వదలలేదు. కాబట్టి నేను అడుగుతున్నది పిల్లలను ముద్దు చేయమని కాదు.

ప్రోత్సాహం అంటే ఏమిటో మా పిల్ల ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మేము కళ్ళారా చూశాం. అప్పటి లెక్కల టీచరుగారు తప్పిన లెక్కకు ఇంటూ పెట్టి ఊరుకునేవారు కాదు. నాలుగో మెట్టు పక్కన ‘ఇక్కడిదాకా సరిగ్గా వచ్చావు, గుర్తు మార్చడం మరిచావు, మళ్ళీ చెయ్యి’ అని ఎర్ర సిరాతో రాసేవారు. మార్కు ఎంతో ఆ పిల్లకూ ఆమెకూ తప్ప మూడో మనిషికి తెలిసేది కాదు. ఆ ఏడాది మా అమ్మాయి బోర్డు దగ్గరికి వెళ్ళి లెక్క చేసిందంటే మీరు నమ్మాలి. ఆమె బదిలీపై వెళ్ళిపోయారు. ఒక్క మనిషి వెళ్ళిపోతే ఆ పద్ధతే బడినుంచి వెళ్ళిపోయేటట్లు ఎందుకుండాలి అన్నదే నా ప్రశ్న. 2025 మెగా డీఎస్సీలో 16,347 ఉపాధ్యాయ పోస్టులు ప్రకటించినప్పుడు నేను ఎంతో సంతోషించాను. ఆ వచ్చిన కొత్త ఉపాధ్యాయులకైనా, భయపడే పిల్లకు లెక్క ఎలా చెప్పాలో ఎవరైనా నేర్పారా అండీ?

2024 డిసెంబరు 7న మెగా తల్లిదండ్రుల సమావేశంలో మా చేతికి హోలిస్టిక్ ప్రోగ్రెస్ కార్డు ఇచ్చి, ఇకమీదట బిడ్డను మార్కులతో మాత్రమే కొలవబోమని మా బడిలో చెప్పారు. ఆ మాట విని ఇంటికి వచ్చినప్పుడు నాకు కలిగిన ధైర్యం అంతా ఇంతా కాదు. ఆ కార్డు బీరువాలో భద్రంగా ఉంది, పిల్ల పేరు మాత్రం గోడమీద ఉంది. ఈ రెండింటిలో ప్రభుత్వం మాట ఏది? దయచేసి చెప్పండి.

మా విశాఖకు గూగుల్ డేటా సెంటర్ వస్తోందని మీరంతా చెబుతుంటే విని మేమూ గర్వపడుతున్నాం. కానీ ఆ వరండా బ్యాచ్‌లో కూర్చున్నది ఎక్కువగా ఆడపిల్లలే. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో 120 మార్కులకు 50 గణితానివే అని తెలిసి, దరఖాస్తే పెట్టనని మా అమ్మాయి స్నేహితురాళ్ళు ఇప్పుడే తేల్చేసుకున్నారు. ఇంటర్‌లో ఎంపీసీ మాట ఎత్తితే మా పిల్ల లేచి వెళ్ళిపోతుంది. పదిహేనేళ్ళకే ఇన్ని తలుపులు మూసుకుంటున్న ఈ పిల్లల సంగతి ఏ సమీక్షలోనైనా చర్చకు వస్తోందా?

మార్చి పరీక్షలకు ఎక్కువ సమయం లేదు. గణితం మార్కులను పేర్లతో గోడమీద, ఫోన్లలో ప్రదర్శించరాదని అన్ని పాఠశాలలకు లిఖితపూర్వకంగా ఆదేశాలు ఇవ్వండి. ఏ పిల్లకూ ఏ పాఠమూ అక్కర్లేదని చెప్పే హక్కు ఎవరికీ లేదని అందులో రాయండి. దిద్దిన కాగితంలో ఎక్కడిదాకా సరిగ్గా వచ్చిందో చూపించే పద్ధతిని శిక్షణలో చేర్చండి, పిల్లలు భయాన్ని చెప్పుకోవడానికి బడికొక మనిషిని ఇవ్వండి. ఇవన్నీ ఒక్కసారిగా కావంటే ముందు ఆ జాబితా తీయించండి. దానికి నిధులు అక్కర్లేదు, టెండర్లు అక్కర్లేదు, మీ సంతకం ఒక్కటి చాలు. ఈసారి నాకు సందేశం పంపవద్దని, ఎవరినైనా ఒకరిని బడికి పంపి వరండాలో కూర్చున్న ఆ పిల్లలతో మాట్లాడించమని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

ఇట్లు,
పదో తరగతి విద్యార్థిని తల్లి,
కంచరపాలెం, విశాఖపట్నం.