రాతిలో ఉన్న చమురంతా బావిలోకి రాదు

సంపాదకుడికి,

షేల్ చమురు, అంటే సన్నని పొరల బంకమన్ను రాతిలో ఇరుక్కున్న చమురు, ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన పత్రికల్లో ముందు కనిపించేది కోట్ల బ్యారెళ్ల లెక్క. అది రాతిలో ఉన్న చమురా, పైకి తీయగలిగిన చమురా అన్నది చాలాసార్లు వార్తలో ఉండదు. అమెరికా ఇంధన సమాచార సంస్థ 2013లో వేసిన అంచనా ప్రకారం మన దేశపు షేల్ పొరల్లో ఉన్న చమురు 8,700 కోట్ల బ్యారెళ్లు. అందులో సాంకేతికంగా తీయగలిగింది 380 కోట్లు, అంటే నూటికి నాలుగున్నర కూడా కాదు. ఇంత తేడా ఎందుకో తెలియాలంటే రాయిని ఎలా పరీక్షిస్తారో చూడాలి.

చమురు పుట్టిన మాతృశిలను పొడి చేసి, 60–70 మిల్లీగ్రాములు తీసుకుని, గాలి తగలకుండా రాక్-ఎవాల్ యంత్రంలో వేడి చేస్తారు. మొదట 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని నిమిషాలు నిలుపుతారు. అప్పుడు ఆవిరయ్యేది రాతిలో అప్పటికే విడిగా ఉన్న చమురు, దాన్ని ఎస్1 అంటారు. తర్వాత నిమిషానికి 25 డిగ్రీల చొప్పున 650 వరకు పెంచితే కెరోజెన్, అంటే రాతిలో ఇంకా చమురుగా మారని ఘన సేంద్రియ పదార్థం, విరిగి వచ్చేది ఎస్2. అది గరిష్ఠంగా వెలువడే ఉష్ణోగ్రత టీమ్యాక్స్. టీమ్యాక్స్ సుమారు 435 కంటే తక్కువుంటే ఆ రాయి ఇంకా పక్వానికి రానట్టే, 465 దాటితే చమురు దశ ముగిసి గ్యాస్ వైపు వెళ్లినట్టే. ఈ హద్దులు కెరోజెన్ రకాన్ని బట్టి కొంత జరుగుతాయి.

చాలామంది పొరబడేది సేంద్రియ కార్బన్ శాతం, అంటే టీఓసీ దగ్గర. టీఓసీ ఎక్కువ, రాయి నల్లగా ఉంది, కాబట్టి చమురు ఎక్కువ అనుకుంటారు. ఒక రాతిలో టీఓసీ 5 శాతం, ఎస్1 గ్రాముకు 3 మిల్లీగ్రాములు అనుకుందాం. మరో రాతిలో టీఓసీ 1.2 శాతం, ఎస్1 1.8. ఎస్1ను వందతో గుణించి టీఓసీతో భాగిస్తే మొదటిదానికి 60, రెండోదానికి 150 వస్తుంది. ఈ నిష్పత్తి 100 దాటిన చోటే చమురు కదిలే అవకాశం ఉందని ఈ రంగంలో వాడే కొలమానం. కెరోజెన్ తన వంతు చమురును పట్టుకుని వదలదు. ఒత్తి పూర్తిగా తడిసేదాకా చుక్క కారదు కదా, ఇదీ అంతే. అమెరికాలో షేల్ చమురు తీసే బాకెన్‌లో పైనా కిందా ఉన్న నల్లని షేల్ పొరల్లో టీఓసీ 10 శాతం దాటుతుంది. అయినా బావులు ఎక్కువగా తవ్వింది వాటి మధ్యనున్న, సేంద్రియ పదార్థం అంతగా లేని డోలమైట్, సిల్టు పొరలోకి.

అయితే ఎస్1 అంకెను ఉన్నదున్నట్టు నమ్మడానికి లేదు. కోర్, అంటే బావిలోంచి నిలువుగా కోసి తీసిన రాతి కడ్డీ, పైకి వచ్చిన క్షణం నుంచి చమురులోని తేలిక భాగాలు (హైడ్రోకార్బన్లు) ఎగిరిపోతుంటాయి. ఏళ్ల తరబడి పెట్టెల్లో ఉన్న కోర్‌లో, తవ్వేటప్పుడు పైకొచ్చిన రాతి ముక్కలను కడిగి ఆరబెట్టిన కటింగ్స్‌లో ఎస్1 అసలు కంటే చాలా తక్కువ చూపుతుంది. చమురు ఎంత తేలికైనదైతే నష్టం అంత ఎక్కువ. మరోవైపు బరువైన చమురు 300 డిగ్రీలకు ఆవిరి కాక ఎస్2లో కలిసిపోతుంది. అందుకే అదే నమూనాను డైక్లోరోమీథేన్ వంటి ద్రావణితో కడిగి మళ్లీ పరీక్షించాలి. కడగక ముందు ఎస్1 నుంచి కడిగిన తర్వాతి ఎస్1ను, అలాగే ఎస్2 నుంచి ఎస్2ను తీసేసి, ఆ రెండు తేడాలనూ కలపాలి. దానికి ఎగిరిపోయిన భాగపు అంచనా చేరిస్తే మొత్తం చమురు తెలుస్తుంది. ఖర్చు, సమయం రెట్టింపవుతాయని ఈ రెండో విడతను వదిలేస్తే మిగతా లెక్కంతా ఊహే.

తవ్వేటప్పుడు బావిలోకి పంపే ద్రవంలో (డ్రిల్లింగ్ మడ్) డీజిల్ కలిపి వాడిన బావుల్లో ఎస్1 అబద్ధంగా పెరుగుతుంది. టీమ్యాక్స్ తక్కువగా ఉండి ఎస్1 మాత్రం విపరీతంగా ఉంటే మడ్‌నో, వేరే పొర నుంచి వలస వచ్చిన చమురునో అనుమానించాలి. టీఓసీ 0.5 శాతం లోపుంటే పైన చెప్పిన నిష్పత్తికి అర్థం లేదు. ఎండకు ఎండి, వానకు నానిన బయటి రాళ్లూ ఎస్1కు పనికిరావు. మన సత్యవేడు పరిసరాల్లో బయటపడిన ఎగువ గోండ్వానా అనే పాత శిలావర్గపు రాళ్లను రోడ్డు పక్కన ఏరి తెచ్చి చమురు ఉందనీ లేదనీ చెప్పకూడదు. తిరుమల కొండల్లోని, ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన క్వార్ట్‌జైట్ అసలు మాతృశిలే కాదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో రాఘవాపురం షేల్ మాతృశిలే, కానీ అక్కడ కూడా ఏ లోతులో, ఏ పొరలో అన్నది చెప్పకుండా షేల్ మొత్తాన్నీ నిల్వగా రాయడం తప్పు.

లెక్క కట్టి చూస్తే సంగతి తేటపడుతుంది. ఒక చదరపు కిలోమీటరు, 30 మీటర్ల మందం, ఘనపు మీటరుకు 2.5 టన్నులు అంటే 7.5 కోట్ల టన్నుల రాయి. టన్నుకు 4 కిలోల చమురు ఉందనుకుంటే 3 లక్షల టన్నులు, దాదాపు 22 లక్షల బ్యారెళ్లు. నూటికి 5 పాళ్లు పైకి వస్తే 1.1 లక్షల బ్యారెళ్లు. రోజుకు 50 లక్షల బ్యారెళ్లకు పైగా వాడే మన దేశానికి అది అరగంట అవసరం. ఆ 5 పాళ్లు రావడానికి కూడా రాతిలో బంకమన్ను తక్కువగా, క్వార్ట్జ్ లేదా కార్బొనేట్ ఎక్కువగా ఉండి పగుళ్లు నిలవాలి, లోపల పీడనం ఉండాలి.

కాబట్టి ఇలాంటి వార్త ఇచ్చేటప్పుడు విలేకరులు కొన్ని వివరాలు అడిగి ప్రచురించాలని కోరుతున్నాం: పరీక్షించింది కోరా, కటింగ్సా, ఏ లోతుది, ద్రావణితో కడిగాక మళ్లీ పరీక్షించారా, బ్యారెళ్ల లెక్కలో ఎంత శాతం పైకి వస్తుందనుకున్నారు. అంచనాలు విడుదల చేసే సంస్థలు ప్రతి ఎస్1 విలువ పక్కన కోర్ తీసిన తేదీ, పరీక్షించిన తేదీ రెండూ వేయాలి.

— భూగర్భశాస్త్ర అధ్యాపకులు, తిరుపతి