చిన్నమ్మికి నాయన రాసిన ఉత్తరం

చిన్నమ్మీ,

ఫోన్ చేస్తే ‘బాగున్నా నాయనా, క్లాసుంది’ అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నా. అదీ 18 రోజుల కిందటి మాట.

ఇక్కడ అందరం క్షేమం. బంగారం రేటు చూసి జనం అంగడి మెట్లెక్కడం లేదు. పాత గొలుసులకు మాటు వేయించుకునేవాళ్లే వస్తున్నారు. జేజి నీకోసం చెనక్కాయల ఉంటలు చేసి డబ్బాలో పెట్టింది. నీ చెయ్యి ఎట్లుంది?

సుజాతత్త కొడుకు ఎవరిదో స్టేటస్‌లో నీ ఫోటో చూశాడంట. ఎడమ చేతికి కట్టు ఉందంట. వాడు అత్తకు, అత్త మీ అమ్మకు చెప్పింది. అమ్మ రెండు రాత్రులుగా నిద్రపోలేదు. నువ్వు బరోడా కాలేజీలో అప్లైడ్ ఆర్ట్ వద్దని గ్రాఫిక్స్, అదే రేకుల మీంచి బొమ్మలు అచ్చు తీసే చదువు, తీసుకున్న సంగతీ వాడి నోటి నుంచే విన్నాం.

కోపం లేదు తల్లీ. యాడ్ ఏజెన్సీలో ఉద్యోగం వస్తుందని నేను ఆశపడ్డ మాట నిజమే. కానీ మెదక్ పక్క నిజాంపూర్ నుంచి చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారు 1963లో అదే బరోడాకు పోయి అచ్చుల పని నేర్చుకున్నారు కదా. ఆయన మేకల బొమ్మలు పోయిన సంక్రాంతికి నువ్వే చూపించావు. యూరప్‌లో 15వ శతాబ్దంలో రాగిరేకు చెక్కి కాగితం మీద అచ్చు దించే పని కంసాలుల కొట్లలోంచే పెరిగిందని చెప్పిందీ నువ్వే. ఆ మాట నేను అంగట్లో అందరికీ చెప్పుకున్నా. మన కుంపటి కాడి పనే నీ చేతికి వచ్చిందని సంతోషపడ్డా.

నా భయం యాసిడ్ గురించి. మీరు రేకు మీద బొమ్మ గీతలు దిగడానికి జింకు రేకును నైట్రిక్ యాసిడ్‌లో ముంచుతారు. మేమూ బంగారం శుద్ధికి అదే వాడతాం. చిన్నాయన ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కా ఎందుకు వేస్తాడో నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. వాడికి అప్పుడు పదహారు. అబ్బ సంతకు పోయాడు. పని తొందరలో వాడు గిన్నెలో ముందు యాసిడ్ పోసి, దాని మీద చెంబుడు నీళ్లు గుమ్మరించాడు. ఒక్కసారిగా సలసల పొంగి మోచేతి దాకా చిమ్మింది. నేను వాణ్ణి తొట్టి కాడికి ఈడ్చుకుపోయి చెయ్యి నీళ్లలో ముంచి పట్టుకున్నా. జేజి నెయ్యి తెచ్చింది, పూయనివ్వలేదు. వాడు నా భుజం కొరికేశాడు, అయినా వదల్లేదు. అబ్బ వచ్చి ఒక్క మాట అనలేదు. రాత్రంతా వాడి పక్కన కూర్చుని విసనకర్రతో విసిరాడు. పది రోజులు కొలిమి అంటించలేదు.

ముందు నీళ్లు, ఆ తర్వాతే యాసిడ్, అదీ కొంచెం కొంచెంగా. కిటికీలు తెరువు. ఎర్రటి పొగ లేస్తే బయటికి రా. రేకు మీద బుడగల్ని ఈకతో తుడువు, వేలితో కాదు. చున్నీ వేసుకోవద్దు, జడ ముడి వేసుకో. రేకు మీద రోజన్ పొడి, అదే ఆ చెట్టు బంక పొడి, చల్లేటప్పుడు మాస్కు పెట్టుకో. రాత్రి ఒక్కదానివే స్టూడియోలో ఉండొద్దు. ఉపన్యాసం ఇవ్వనని అమ్మకు చెప్పే కూర్చున్నా.

గ్లౌజులు, ఆయింట్‌మెంట్, ఉంటల డబ్బా కలిపి పార్శిల్ వేశాను. గ్లౌజులు రెండు సైజులవి తెచ్చా, నీ వేళ్లు సన్నవి కదా. కట్టు విప్పి ఎడమ చేతి ఫోటో పంపు. అరచెయ్యి ఒకటి, వెనక వైపు ఒకటి. వెలుతురులో తియ్యి.

మీ నాయన