లాస్ వేగాస్‌లో ముఠాల కంటే ముందు రైల్వే

సంపాదక మహాశయా,

అమెరికా మద్యనిషేధం మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. షికాగో, అల్ కపోన్, దొంగసారా లారీలు, అన్నీ బాగానే ఉన్నాయి. లాస్ వేగాస్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం వ్యాసకర్త ఒక్క వాక్యంలో తేల్చేశారు: ముఠా నాయకులు డబ్బు సంచులతో వచ్చి ఎడారిలో ఊరు కట్టారట! గూడ్సు బండ్ల మీద గార్డుగా పనిచేసి రిటైరైనవాణ్ని. ఒక రైల్వే ఊరిని తీసుకెళ్లి రౌడీల ఖాతాలో జమకడితే చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

ఆవిరి ఇంజను ఎడారి దాటాలంటే దారిలో నీళ్లు పట్టాలి. లాస్ ఏంజెలెస్, సాల్ట్ లేక్ సిటీల మధ్య వేసిన లైనుకు ఆ నీళ్లు దొరికిన చోటు లాస్ వేగాస్ ఊటలు. సెనేటర్ విలియం క్లార్క్ రైల్వే కంపెనీ అక్కడ స్థలాలు కొలిపించి, 1905 మే 15న వేలం మొదలుపెట్టింది. స్టేషను గుమ్మం ఎదుట మొదలయ్యేదే ఫ్రీమాంట్ వీధి. కొన్నవాళ్ల దస్తావేజుల్లో ఒక షరతు ఉండేది: 16, 17 నంబరు బ్లాకుల్లో తప్ప మరెక్కడా మద్యం అమ్మకూడదు, అమ్మితే స్థలం తిరిగి కంపెనీకి పోతుంది. రెండింటిలో 17 పెద్దగా పుంజుకోలేదు. 16 మాత్రం సారాకొట్లకూ, వాటి వెనక గదుల్లో సాగే వ్యభిచారానికీ పేరుమోసింది. లాస్ వేగాస్ మునిసిపాలిటీ అయింది 1911లో. అంటే పురపాలకులు పుట్టకముందే ఆ ఊళ్లో తాగేవాళ్లు ఎక్కడ తాగాలో రైల్వే రాసిపెట్టిందన్నమాట.

ఇక నిషేధం. లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో ఓటర్లు దాన్ని 1918లోనే ఆమోదించారు. దేశమంతటా అమల్లోకి వచ్చింది 1920 జనవరి 17న. దాన్ని అమలుచేయడానికి తెచ్చిన వోల్‌స్టెడ్ చట్టం ప్రకారం అర శాతం ఆల్కహాలు మించితే మత్తుపానీయమే. ఆ ఏడాది జనాభా లెక్కల్లో లాస్ వేగాస్‌కు దక్కిన సంఖ్య 2,304. అంత చిన్న ఊళ్లో ఎవరి దగ్గర సీసా దొరుకుతుందో తెలియనివారు ఉంటారా? పదహారో బ్లాకు మూతపడలేదు. బల్ల మీద కూల్‌డ్రింకులు పెట్టుకుని, అసలు సరుకు కింద నుంచి తీసేవారు. అప్పుడప్పుడూ బయటి నుంచి ఫెడరల్ అధికారులు దిగి దాడులు చేసేవారు, కేసులు పెట్టేవారు. వాళ్లు వెళ్లాక కొట్లు మళ్లీ మామూలే. చట్టబద్ధంగా విస్కీ కావాలంటే డాక్టరు చీటీ రాస్తే చాలు, మందుల దుకాణంలో దొరికేది. ఆ రోజుల్లో అమెరికాలో ఎంతమందికి ఎన్ని కొత్త జబ్బులు వచ్చి ఉంటాయో!

ఇక్కడే నాకు బాగా నచ్చిన మనిషి ఒకరున్నారు, వ్యాసంలో ఆమె పేరే లేదు. మేమీ స్టాకర్. భర్త రైల్వే ఉద్యోగి. 1920లో ఫ్రీమాంట్ వీధిలో నార్తర్న్ క్లబ్ తెరిచారు. పైకి శీతల పానీయాల దుకాణం. దాన్ని ఆమె పేరు మీదే ఎందుకు పెట్టారంటే, భర్త పేరు అలాంటి వ్యాపారంలో కనిపిస్తే రైల్వేవాళ్లు సహించరు కనుక. రైళ్లతో పనిచేసినవాళ్లకు ఇది వెంటనే బోధపడుతుంది. అమెరికా రైల్వేల్లో ‘రూల్ జి’ అని ఒకటుంది. డ్యూటీలో ఉండవలసినవాడు మద్యం ముట్టకూడదు సరే, ఆ రోజుల్లో మద్యం అమ్మే చోట్లకు తరచూ పోతున్నాడని తేలినా ఉద్యోగం తీసేయవచ్చని అందులో ఉండేది. దేశంలో నిషేధం రావడానికి చాలా ముందు నుంచే ఆ రూలు ఉంది. ఫెడరల్ అధికారి పట్టుకుంటే జరిమానాతో పోవచ్చు, రైల్వే పట్టుకుంటే ఇల్లే గడవదు. అలాంటి ఊళ్లో జనం ఎవరికి ఎక్కువ భయపడి ఉంటారో చెప్పాలా?

నిజానికి ఆ ఊరికి మద్యం పోవడం కంటే పెద్ద దెబ్బ 1922లో తగిలింది. జీతాల కోతకు నిరసనగా ఆ జులైలో దేశవ్యాప్తంగా రైల్వే వర్క్‌షాపుల కార్మికులు సమ్మెకు దిగారు, లాస్ వేగాస్ వాళ్లూ దిగారు. అంతకు ముందు ఏడాదే క్లార్క్ వాటా కొనుక్కున్న యూనియన్ పసిఫిక్ కంపెనీ, సమ్మె తర్వాత మరమ్మతు షాపులను అక్కడి నుంచి ఎత్తేసి నెవాడాలోనే ఉన్న కాలియెంటే అనే ఊరికి మార్చింది. వందల ఉద్యోగాలు పోయాయి. రెండు వేల చిల్లర జనాభాలో వందల జీతాలు ఆగిపోతే కిరాణా కొట్టువాడి అప్పుల పుస్తకం ఎలా ఉంటుందో ఊహించుకోండి. నిషేధం గురించి రాసేటప్పుడు ఈ సమ్మెను వదిలేస్తే, ఆ ఊరివాళ్లు దొంగచాటు అమ్మకాల వైపు ఎందుకు మొగ్గారో సగమే అర్థమవుతుంది.

ఊరు మళ్లీ తేరుకున్నది కొలరాడో నది మీద ఆనకట్ట వల్ల. 1928లో చట్టం వచ్చింది, 1931లో పని మొదలైంది. అదే ఏడాది మార్చిలో నెవాడా జూదాన్ని చట్టబద్ధం చేసింది, మొట్టమొదటి లైసెన్సు ఎవరికి దక్కిందనుకున్నారు? మన స్టాకర్ గారికే. అప్పటి నుంచి 1933 డిసెంబరు 5న నిషేధం రద్దయ్యేదాకా పరిస్థితి ఇదీ: పేకాట బల్లకు గోడ మీద సర్కారు లైసెన్సు, ఆ బల్ల దగ్గరే గ్లాసులో విస్కీ పోస్తే ఫెడరల్ నేరం. ఆనకట్ట కూలీల కోసం కట్టిన బౌల్డర్ సిటీలో మద్యం, జూదం రెండూ నిషిద్ధం. ఊరి గేటు దగ్గర కాపలావాళ్లు కార్లు ఆపి చూసేవారు. జీతాల రోజున ఆ కూలీలు సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణించి ఫ్రీమాంట్ వీధికి చేరేవారు. 1930లో 5,165 ఉన్న లాస్ వేగాస్ జనాభా ఆ తర్వాత పెరిగిందంటే ఆ జీతాల వల్లే.

వ్యాసకర్త రెండో భాగం రాస్తానన్నారు. ముఠా నాయకుడు బగ్సీ సీగెల్ లాస్ వేగాస్‌లో ఫ్లమింగో హోటలు తెరిచింది 1946 డిసెంబరులో, అంటే నిషేధం ఎత్తేసిన పదమూడేళ్లకు. ముఠాల కథ చెప్పాలనుకుంటే దాన్ని అక్కడి నుంచి మొదలుపెట్టమని, ఈ భాగంలో మాత్రం స్టాకర్ గారికి ఒక పేరా అయినా కేటాయించమని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత రైల్వే గార్డు