ఫ్లైఓవర్ కింది నేలను ఎవరు పట్టించుకుంటారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మన కర్నూలును ఆనుకుని హైదరాబాద్-బెంగళూరు హైవే, అంటే 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది, నంద్యాల, కడప వైపు పోయే 40వ నంబరు రోడ్డు కూడా ఇక్కడే మొదలవుతుంది. పైన రోడ్డుకు చిన్న గుంత పడినా పేపర్లో వస్తుంది. ఆ ఫ్లైఓవర్ల కింద ఏం జరుగుతోందో ఎవరూ రాయడం లేదని ఈ ఉత్తరం.

మొన్న ఒక పొద్దున పిల్లర్ల మధ్య ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాను. ఇళ్లు పడగొట్టిన మట్టి, ఇటుక ముక్కలు ట్రాక్టర్లతో తెచ్చి పోసినవి, పగిలిన సీసాలు, పైనుంచి వాన నీళ్లు దిగే పైపు విరిగిపోయి దాని కింద మురుగు. ఒక పిల్లరుకు నిలువెత్తు మసి. చెత్తా, పాత టైర్లూ అక్కడే కాలుస్తున్నారట.

ఇది మామూలు విషయం కాదు. అమెరికాలోని అట్లాంటాలో 2017 మార్చి 30న ఐ-85 హైవే వంతెన కింద నిల్వ ఉంచిన ప్లాస్టిక్ పైపులు అంటుకుని, ఆ వేడికి వంతెనలో ఒక భాగం కూలిపోయింది. మంట వేడికి కాంక్రీటు పెచ్చులూడుతుంది, లోపలి ఇనుము బలం తగ్గుతుంది. మనం మాత్రం పిల్లరు మొదట్లోనే నిప్పు పెడుతున్నాం!

అంత చెత్తలోనూ మనుషులున్నారు. లారీ పక్కనే టవల్ పరుచుకుని నిద్రపోతున్న క్లీనర్, పని కోసం చూస్తున్న బేల్దారి కూలీలు, కర్బూజాలు అమ్మే ఒకామె. "ఇంత నీడ ఊర్లో ఇంకా యాడుంది సార్" అందామె. నిజమే, మే నెలలో ఇక్కడ నడినెత్తిన ఎండ ఎట్లుంటుందో కర్నూలోళ్లకు చెప్పక్కర్లేదు.

ముంబై మాటుంగాలో ఫ్లైఓవర్ కింది స్థలం కోసం స్థానికులు పట్టుబట్టారు, 2016లో అక్కడ నడకదారితో తోట వచ్చింది. బాగుంది, కానీ మన దగ్గర కంచె వేసి గేటు పెడితే ఆ కర్బూజాల ఆమె, ఆ కూలీలు మళ్లీ ఎండలోకే పోవాలి. నాకు అది వద్దు. మట్టి ఎత్తించి, లైట్లు, తాగునీటి కుళాయి, ఆడవాళ్లు కూడా వాడుకోగలిగే మరుగుదొడ్డి పెడితే చాలు, నీడను వాళ్లే వాడుకుంటారు.

ఈ మాట చెప్పడానికి ఒక ఆఫీసుకు పోతే మా పరిధి కాదన్నారు, వాళ్లు పంపిన ఇంకో ఆఫీసులోనూ అదే జవాబు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి ఆ స్థలం బాధ్యత ఎవరిదో కలెక్టర్ గారు తేల్చాలి. లైట్లకు, కుళాయికి టైం పడుతుందంటే సరే, పిల్లర్ల దగ్గర చెత్త కాల్చడం మాత్రం ఈ వారమే ఆపించండి.

- ఒక పాఠకుడు, కర్నూలు