ఒక స్థలంలో రెండిళ్లు: జీఎస్టీ సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

సిడ్నీలో పాత ఇల్లు కొని, పడగొట్టి, ఆ స్థలంలో పక్కపక్కనే రెండిళ్లు కట్టి, ఒకటి అమ్మేస్తే రెండోది దాదాపు ఊరికే మిగులుతుందన్న మాట ఇక్కడి తెలుగువాళ్లలో బాగా తిరుగుతోంది. నేను పెండిల్ హిల్‌లో అకౌంటెంట్‌ని. ఈ లెక్కతో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి పెట్టుబడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అమ్మానాన్నలు అమ్మిన పొలం డబ్బే. అందుకే మీకు రాస్తున్నాను.

రెండిళ్లు కట్టడం తప్పని నేను అనను. 2024 జులై 1 నుంచి సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో చాలా కౌన్సిళ్ల పరిధిలో, మామూలు ఇళ్ల జోన్లలో కూడా దీనికి వీలు కల్పించారు. అద్దె ఇళ్లు దొరక్క జనం అల్లాడుతున్న ఊళ్లో అది మంచి పనే.

కానీ అమ్మే ఉద్దేశంతో కట్టిన కొత్త ఇంటి మీద జీఎస్టీ ఉంటుంది. 11 లక్షల డాలర్లకు అమ్మితే మామూలు పద్ధతిలో అందులో లక్ష డాలర్లు పన్నుకే పోతుంది. 2018 జులై నుంచి కొనేవాళ్లే జీఎస్టీ సొమ్ము పట్టుకుని నేరుగా పన్ను శాఖకు కడుతున్నారు కాబట్టి అది అమ్మినవాళ్ల చేతికి రాదు. అమ్మిన ధరలోంచి స్థలం కొన్న ధర తీసేసి, మిగిలిన దాని మీదే పన్ను లెక్కించే మార్జిన్ పద్ధతి వర్తిస్తే భారం తగ్గుతుంది, అయితే అమ్మకం పూర్తయ్యేలోపే అది ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి. ఇంటిని వరుసగా ఐదేళ్లు అద్దెకిచ్చి అప్పుడు అమ్మితే జీఎస్టీ ఉండదు. నా వరకు ఆ ఐదేళ్లు అప్పు వాయిదాలు కట్టుకోగలిగినవాళ్లే ఈ పనికి దిగాలి. ఇల్లు అమ్మగానే నాన్నకు డబ్బు తిరిగి పంపిస్తానని మాటిచ్చి మొదలుపెట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

పెరట్లోంచి మురుగు పైపు పోతుంటే దాన్ని కాంక్రీటుతో కప్పే ఖర్చు వేరే. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లయితే, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, 2025 ఏప్రిల్ 1 నుంచి పాత ఇల్లు కొనడానికే లేదు. ఇది తెలియక ఊళ్లో పొలానికి బయానా తీసుకున్నవాళ్లున్నారు.

విదేశాల్లో ఆస్తుల గురించి మీరు వేసే వ్యాసాల్లో అద్దె ఎంత, ధర ఎంత పెరిగింది అన్నవే కనిపిస్తున్నాయి. ఇకనుంచి వాటి పక్కనే అమ్మేటప్పుడు పోయే పన్ను, వీసా షరతులు కూడా వేయమని కోరుతున్నాను. డబ్బు పంపే పెద్దవాళ్లు చదివేది మీ పత్రికనే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెండిల్ హిల్, సిడ్నీ